దీవిలో దిగేముందు చొక్కా వేసుకోండి

నిన్న రాత్రి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. లక్షద్వీప్‌లో అగత్తి దీవి. ఓడ టూరులో పోయిన మనవాళ్ళే నలుగురు, కావలి, ఒంగోలు కుర్రాళ్ళు, సముద్రంలో మునిగి తడి నిక్కర్లతో, ఒంటిమీద చొక్కా లేకుండా ఊరి వీధిలో నడుస్తున్నారు. పాట పెట్టుకుని రీల్ తీశారు. పక్కన మసీదు గోడ. ఎదురుగా స్కూలు నుంచి వస్తున్న ఇద్దరు ఆడపిల్లలు, తలమీద ముసుగులు. వీళ్ళను చూసి తలొంచుకుని గోడవైపు జరిగిపోయారు. గ్రూపులో అందరూ నీళ్ళ రంగు ఎంత బాగుందో రాశారు. నా కళ్ళు మాత్రం ఆ పిల్లల దగ్గరే ఆగిపోయాయి.

"చొక్కా వేసుకుని నడవాల్సింది నాయనా" అని రాశాను. ఆ నలుగురిలో ఒకడి నుంచి వెంటనే జవాబు వచ్చింది. "డబ్బు కట్టి పోయినాం అత్తా, వాళ్ళకేంది ఇబ్బంది?" ఆ మాటకు ఆరుగురు చప్పట్ల బొమ్మలు పెట్టారు. రాత్రంతా మనసు కుదురుగా లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పొడుగైనా చదవండి.

డబ్బు కట్టింది ఓడకు. క్యాబిన్‌కు, భోజనానికి, ఈతకొలనుకు. ఆ వీధికి ఎవరూ టికెట్ అమ్మలేదు. అది వాళ్ళ ఊరు.

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, నేను అవతలి వైపు నుంచి చూసినదాన్ని. నేను పుట్టి పెరిగింది నెల్లూరు దగ్గర సముద్రపు ఒడ్డున, మైపాడు పక్కన. ఆదివారం వచ్చిందంటే నెల్లూరు నుంచి ఆటోలు, జీపులు, తర్వాత తర్వాత మోటార్ సైకిళ్ళు. ఆ రోజు మా అమ్మ నన్ను బోరింగు దగ్గరికి నీళ్ళకు పంపేది కాదు. ఇసకలో చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్ళు పొద్దున్నే తట్టలు ఎత్తుకుని దూరంగా పోయేవాళ్ళు. తడిసిన లోదుస్తులతోనే మగవాళ్ళు సోడా కోసం, సిగరెట్ల కోసం మా వీధుల్లో తిరిగేవాళ్ళు. మా ఇంటి అరుగు మీద కూర్చుని ఒళ్ళు తుడుచుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. మా నాయన ఏమీ అనలేకపోయేవాడు, తలుపు దగ్గరగా వేసేవాడు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఇంటికి పోతే వాళ్ళ అమ్మ ముందు, వదిన ముందు అట్లా తిరగరు. బీచ్‌కు వచ్చాం అనుకున్నారు గానీ, ఒక ఊళ్ళోకి వచ్చాం అనుకోలేదు.

అగత్తిలో జరిగింది కూడా ఇదే. లక్షద్వీప్‌లో 36 దీవులుంటే మనుషులుండేవి పది. 2011 జనాభా లెక్కల ప్రకారం అన్నీ కలిపి 64 వేల పైచిలుకు మంది, అందులో 96 శాతానికి పైగా ముస్లింలు. అంత చిన్న దీవిలో ఇల్లు వేరు, బజారు వేరు, బీచ్ వేరు అని ఉండదు. పడవ దిగి నాలుగడుగులు వేస్తే ఎవరో ఒకరి వాకిట్లోనే ఉంటాం. బయటివాళ్ళు పర్మిట్ తీసుకునే రావాలని 1967 నుంచి నిబంధన ఉంది, మన దేశం వాళ్ళమైనా సరే. అంటే అడిగి పోయే ఇల్లు. ఈత బట్టలు వేసుకోవడానికి పర్యాటకులకని కేటాయించిన బీచ్‌లు ఉన్నాయి, అక్కడ వేసుకోమనే అంటారు. ఊళ్ళోకి వచ్చేటప్పుడు ఒళ్ళు కప్పుకోమంటారు, అంతే.

మాల్దీవుల్లోనూ ఇంతే. రిసార్ట్ దీవిలో మీ ఇష్టం. 2009 తర్వాత జనం ఉండే దీవుల్లోనూ గెస్ట్‌హౌస్‌లకు అనుమతి ఇచ్చారు. పర్యాటకులు స్థానికుల మధ్యకు వచ్చాక, ఈత బట్టలకు ఒక బీచ్‌ను విడిగా కేటాయించి, చుట్టూ తడికో చెట్లో అడ్డం పెట్టి, మిగతా ఊళ్ళో మామూలు బట్టల్లో తిరగమంటున్నారు. రాకండి అనలేదు. మీకు చోటిచ్చాం, మా చోటు మాకు ఉంచండి అంటున్నారు.

ఇప్పుడు మా సంగతి కూడా చెప్తాను. 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకకు ఓడ ప్రయాణాలు మొదలయ్యాయి. నెల్లూరు నుంచి రేవు దగ్గరే కదా అని మరుసటి ఏడు పద్నాలుగు మందిమి కలిసి వెళ్ళాం. పెద్దవాళ్ళందరి ఆశా త్రికోణమలై మీదే, అదే ట్రింకోమలీ. అష్టాదశ శక్తిపీఠాల శ్లోకంలో మొదటి పేరు లంకలో ఉన్న శాంకరీదేవిదే కదా. ఆ తల్లి అక్కడే అని మనవాళ్ళ నమ్మకం. సముద్రం మీదికి వంగినట్టుండే కొండ, దాని మీద కోణేశ్వరస్వామి గుడి. పాత గుడిని పోర్చుగీసువాళ్ళు 1620ల్లో కూలగొట్టారు. వాళ్ళు కట్టిన కోటలోంచే ఇప్పుడు గుడికి ఎక్కాలి, దారిలో జింకలు తిరుగుతుంటాయి. మా అత్తగారైతే దూరం నుంచి గోపురం కనపడగానే ఏడ్చేసింది.

అంత భక్తితో పోయిన మాలోనే ముగ్గురు నిక్కర్లతో ఉన్నారు. మా తోడికోడలు చేతుల్లేని పైజామా సూట్‌లో, చున్నీ కూడా లేకుండా వచ్చింది. కావాలని చేసింది కాదు. ఓడమీద పొద్దున ఈతకొలను దగ్గర ఏం వేసుకున్నారో దాంతోనే టిఫిన్, దాంతోనే బస్సు. మార్చుకుందామంటే లిఫ్ట్ దగ్గర క్యూ. ఓడలో మైకులో నాలుగుసార్లు చెప్పారు, కార్డు మర్చిపోవద్దు, ఇన్ని గంటలకల్లా వెనక్కి రావాలి అని. పోయేది గుడికి, ఇట్లా రండి అని ఒక్కసారి కూడా చెప్పలేదు. మాకు టికెట్లు తీసిన ఏజెంటూ చెప్పలేదు. చెప్పాల్సిన బాధ్యత వాళ్ళకు ఉందని ఇప్పటికీ అంటాను. కానీ గుడికి ఎట్లా పోవాలో మనకు ఒకరు చెప్పాలా?

చెప్పులు పెట్టేచోట ఉన్న తమిళామె మా తోడికోడల్ని చూసింది. ఒక్క మాట అనలేదు. తన భుజం మీద ఉన్న తువ్వాలు తీసి, దులిపి, ఈమె భుజాల చుట్టూ కప్పింది. "పరవాయిల్లమ్మా, పోయిరా" అంది. ఎండలో కూర్చుని పనిచేసే మనిషి, తన చెమట తుడుచుకునే గుడ్డ ఇచ్చింది. ఆమె కసురుకుని ఉంటే మేం కూడా ఏదో ఒక మాట అని మర్చిపోయేవాళ్ళం. ఆ తువ్వాలు మాత్రం మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ విషయం ఎత్తగానే అందరూ ఆడవాళ్ళ బట్టల మీద పడతారు. నేను చూసినంతవరకు ఎక్కువ తప్పు మగవాళ్ళదే. చొక్కా తీసి భుజాన వేసుకుని ఊళ్ళో నడవడం మగవాడికి తప్పుగా ఎందుకు తోచదు? మైపాడులోనూ మగవాళ్ళే, అగత్తి వీడియోలోనూ మగవాళ్ళే. అదే శ్రీలంకలోని జాఫ్నాలో నల్లూరు కందస్వామి గుడిలో మగవాళ్ళు చొక్కా విప్పే లోపలికి పోవాలి. అక్కడ విప్పడం మర్యాద, మసీదు వీధిలో వేసుకోవడం మర్యాద. ఎంత గుడ్డ కప్పామన్నది కాదు, ఆ చోటివాళ్ళు దేన్ని మర్యాద అంటారో అడిగామా లేదా అన్నదే.

మా అక్క కూతురు నాతో వాదించింది. "ఆడవాళ్ళ బట్టల మీద పెత్తనం చేసేవాళ్ళను ఇన్నాళ్ళూ తిట్టింది నువ్వే కదా పిన్నీ, ఇప్పుడు నువ్వే చెప్తున్నావా?" అంది. న్యాయమైన ప్రశ్న. 2020 ఫిబ్రవరిలో మాల్దీవుల మాఫుషి దీవిలో ఈత బట్టలతో రోడ్డు మీదికి వచ్చిన ఒక విదేశీ మహిళను పోలీసులు పెనుగులాడి పట్టుకున్నారు. అది తప్పు, ఆ పోలీసు పెద్దే తర్వాత క్షమాపణ చెప్పాడు. ఎవరి ఒంటి మీదా ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. ఆ దీవిలో పుట్టిన అమ్మాయి ఏం వేసుకోవాలన్నది ఆ అమ్మాయి తేల్చుకోవాల్సిన పోరాటం, ఆమె వైపే నేను ఉంటాను. కానీ మూడు గంటల కోసం దిగి, ఫోటో తీసుకుని, ఓడెక్కి పోయే మనం ఆమె కోసం ఏ పోరాటమూ చెయ్యడం లేదు. మనం పోయాక ఆ వీధిలో మాటలు పడేది ఆ పిల్లలే. మా ఊళ్ళో అట్లాంటి ఆదివారాల తర్వాత "సాయంత్రం బయటికి పోవద్దు" అని కట్టడి చేసింది మమ్మల్నే గానీ, వచ్చిపోయినవాళ్ళను కాదు.

మనకు చేతకాక కాదు. రొట్టెల పండగకు స్వర్ణాల చెరువు దగ్గరికి ఎన్ని వేలమంది హిందువులు పోతారో నెల్లూరు వాళ్ళకు తెలుసు. బారాషహీద్ దర్గాలోకి అడుగు పెట్టేముందు ఆడవాళ్ళు కొంగు తలమీదికి లాక్కుంటారు, మగవాళ్ళు జేబులో రుమాలు తీసి తలకు కట్టుకుంటారు. మా మామగారు కసుమూరు దర్గాకు పోయినా అంతే. ఎవరూ బోర్డు పెట్టక్కర్లేదు. ఇక్కడ ఉన్న ఆ బుద్ధి ఓడెక్కగానే ఎట్లా పోతుంది?

పోయేవాళ్ళకు నాకు తెలిసినవి చెప్తాను. పెద్ద ఓడలు లక్షద్వీప్ గట్టు దాకా రాలేవు, లోపల లోతు తక్కువ, పగడపు దిబ్బలు. చిన్న పడవలోకి మారాలి, అది ఊగుతుంటుంది, నీళ్ళు చిమ్ముతాయి. అందుకని చీర వద్దు, వదులుగా ఉండే పంజాబీ డ్రెస్ మేలు. పలచని నూలు తడిస్తే ఒంటికి అంటుకుపోతుంది, కప్పుకున్నా కప్పుకోనట్టే ఉంటుంది, కాబట్టి కొంచెం మందపాటి రంగు బట్ట. మగవాళ్ళకు మోకాళ్ళు దాటే ప్యాంటు, చేతుల చొక్కా. సంచిలో ఒక లుంగీ, ఒక పెద్ద చున్నీ ఎప్పుడూ ఉండాలి. గుడైనా, మసీదైనా, తడి బట్టలు మార్చుకోవడానికైనా అవే పనికొస్తాయి. ఈత అయ్యాక బీచ్ దగ్గరే మార్చుకుని ఊళ్ళోకి రండి. కోణేశ్వరం మెట్ల మీద మధ్యాహ్నం రాయి కాలుతుంది, పొద్దున్నే ఎక్కండి. శ్రీలంకలో బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవద్దు. 2012లో విగ్రహానికి ముద్దు పెడుతున్నట్టు ఫోటో దిగిన ముగ్గురు ఫ్రెంచి పర్యాటకులకు అక్కడి కోర్టు శిక్ష వేసింది, జైలుకు పంపకుండా నిలిపి ఉంచింది. ఇక ఆడవాళ్ళను, పిల్లలను అడగకుండా ఫోన్‌లో తీయకండి. ఆ నలుగురి రీల్‌లో ఆ ఇద్దరు పిల్లల మొహాలు ఇంకా ఉన్నాయి.

దాన్ని తీసెయ్యమని పొద్దున ఆ కుర్రాడికి విడిగా ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు. "నిజంగా ఆ పిల్లల్ని చూడలేదత్తా" అన్నాడు. ఇది రాసే సమయానికి రీల్ తీసేశాడు. వచ్చే నెల వాళ్ళ నాన్నా అమ్మా, అంటే మా అన్నయ్యా వదినా, కొచ్చి నుంచి అదే దీవికి పోతున్నారు. అన్నయ్య బ్యాగులో లుంగీ పెట్టమని వదినకు నేనే చెప్తాను.