పిల్లలకు ఫ్రెంచ్ రావాలంటే ఇంట్లో తెలుగు మానేయాలా?

ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. ఈసారి పంపింది మా పెద్దమ్మ కూతురు. అంతకుముందు మా బీఈడీ గ్రూపులో వచ్చింది, ఇంకా ముందు వీధి గ్రూపులో. పైన ఈఫిల్ టవర్ బొమ్మ, దాని కింద ఆరు పాయింట్లు. "నువ్వు యానాంలో చిన్నపిల్లలకు ఫ్రెంచే కదా చెబుతున్నావు, చూడు ఎంత బాగా రాశారో" అని ఒక మాట చేర్చి మరీ పంపుతున్నారు. చూశాను. బాగా రాయలేదు. ఎందుకో ఒక్కసారే రాసి పెడుతున్నాను, ఇకమీదట ఎవరు పంపినా ఇదే తిరిగి పంపుతాను.

ఆ మెసేజ్ చెప్పేది ఇది. ప్రపంచంలోకెల్లా శాస్త్రీయమైన భాష ఫ్రెంచేనని యునెస్కో తేల్చిందట. యానాంలో ఒకప్పుడు అందరూ ఫ్రెంచే మాట్లాడేవారట. ఆరేళ్ళు దాటితే ఇక భాష ఎక్కదట. ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి 30 రోజుల్లో వచ్చేస్తుందట. వస్తే కెనడా పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, ఖాయమట. ఇవన్నీ జరగాలంటే పిల్లలతో ఇంట్లో తెలుగు మాట్లాడటం పూర్తిగా ఆపేయాలట, ఎందుకంటే తెలుగు నాలుకను మొద్దుబారుస్తుందట.

యునెస్కో ఏ భాషకూ అలాంటి ర్యాంకులు ఇవ్వదు. దాని మీద ఇంతకంటే మాట అనవసరం.

యానాం సంగతీ అంతే. 1954లో ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయేదాకా కాగితాల మీద ఫ్రెంచ్ ఉంది, ఇళ్ళల్లో తెలుగు ఉంది. 1965లో పుదుచ్చేరి అధికార భాషల చట్టం వచ్చినప్పుడు యానాంకు తెలుగును గుర్తించింది కూడా అందుకే. రెండు వందల ఏళ్ళకు పైగా ఫ్రెంచ్ పాలనలో ఉండి కూడా ఈ ఊరు మానుకోని భాషను ఇప్పుడు ఒక ఫార్వర్డ్ చూసి మానుకోమంటున్నారు.

30 రోజుల మాట రాసినవాళ్ళు ఒకటో తరగతి పిల్లల ముందు ఒక్క పీరియడ్ నిలబడి ఉండరు. అక్షరాలు ఒకటే కావడం వల్ల పని తేలిక కాదు, కష్టమవుతుంది. ఇంగ్లీషు పీరియడ్‌లో 'ఈ' అంటే ఐదో అక్షరం. నా పీరియడ్‌లో 'ఈ' అంటే తొమ్మిదో అక్షరం. ఇంగ్లీషులో జీ, జే అని పిలిచే రెండు అక్షరాల పేర్లు ఫ్రెంచ్‌లో దాదాపు తారుమారవుతాయి. 'చాలా' అనే అర్థమున్న 'బోకూ'కి ఎనిమిది అక్షరాలు రాయాలి, చివరిది అసలు పలకకూడదు. ఎనభైని నాలుగు ఇరవైలు అని, తొంభై తొమ్మిదిని నాలుగు ఇరవైలు పంతొమ్మిది అని చెప్పాలి. ఎక్కాలు ఇంకా మొదలుపెట్టని పిల్లలకు అది ఏ రోజు చెప్పమంటారు, 28వ రోజా, 29వ రోజా? అందుకే ఈ తరగతుల్లో నేను పుస్తకం తెరవను. పాటలు, ఆటలు, రంగులు, పలకరింపులు. విని, అనడం. అంతే.

ఆరేళ్ళ గడువు గురించి. ఇందులో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. ఉచ్చారణ విషయంలో చిన్నపిల్లలతో పెద్దవాళ్ళు పోటీ పడలేరు. గొంతులోంచి వచ్చే ఆ 'ర' కోసం డిగ్రీలో మేమంతా ఎంత అవస్థ పడ్డామో, ఇక్కడ ఆరేళ్ళ పిల్ల పుక్కిలింత ఆటలా రెండు రోజుల్లో పట్టేసింది. ఫ్రెంచ్‌లోని ఇంకో కొత్త శబ్దం కోసం 'ఈ' అంటూనే పెదవులు 'ఊ'కి పెట్టినట్టు సున్నా చుట్టండి అంటే క్లాసు మొత్తం చేపపిల్లల్లా మూతులు పెట్టి అనేస్తారు, సిగ్గుపడరు. కాబట్టి త్వరగా మొదలుపెట్టమంటే నాకు అభ్యంతరం లేదు. తలుపులు మూసుకుపోతాయనడం మాత్రం తప్పు. వారానికి రెండు మూడు పీరియడ్లే ఉండే బడిలో పదేళ్ళు దాటిన పిల్లలే వేగంగా నేర్చుకుంటారని స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఏళ్ళ తరబడి పిల్లలను గమనించినవాళ్ళు తేల్చారు. మీ అబ్బాయి ఆరో తరగతిలో మొదలుపెట్టినా కొంపలేమీ మునగవు.

కెనడా మాటా పూర్తి అబద్ధం కాదు. 2023 నుంచి అక్కడ ఫ్రెంచ్ బాగా వచ్చినవాళ్ళను పీఆర్‌కు పిలవడానికి వేరేగా డ్రాలు, అంటే ఎంపికలు, చేస్తున్నారు. కానీ దానికి కావాల్సిన ఫ్రెంచ్ పరీక్ష రాయాల్సింది ఉద్యోగం కోసం వెళ్ళే పెద్దవాళ్ళు, దాని ఫలితం రెండేళ్ళే చెల్లుతుంది. యూకేజీ పిల్లకు దానితో ఏం పని? కావాలంటే మీరు నేర్చుకోండి, వారాంతాల్లో నేనే చెబుతాను.

ఇక అసలు పాయింటు. మిగతా ఐదూ తప్పయినా ఎవరికీ పెద్ద నష్టం లేదు. ఇది మాత్రం ఇళ్ళల్లోకి దూరి పిల్లల నోళ్ళు కట్టేస్తోంది.

మా రెండో తరగతిలో ఒక బాబు ఉన్నాడు. బడి తెరిచిన కొత్తలో వాణ్ణి ఆపడం కష్టంగా ఉండేది. వలలో పీత ఎలా పడిందో, తాతగారు దాన్ని కాళ్ళు విరవకుండా ఎలా తీశారో చేతులు తిప్పుతూ చెప్పేవాడు. దసరా సెలవుల తర్వాత ఒక్కసారిగా మూగబోయాడు. ఒకరోజు మోకాలు చెక్కుకుపోయి వచ్చాడు. ఏమైందిరా అంటే "ఐ... డౌన్..." అని ఆగిపోయాడు. రక్తం కారుతోంది, వాడు మాట వెతుక్కుంటున్నాడు. తర్వాత తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "తెలుగులో చెప్పొచ్చా టీచర్?" అన్నాడు.

వాళ్ళమ్మగారిని పిలిపించాను. ఆవిడ ఫోన్ తీసి ఈ మెసేజే చూపించారు. "దీంట్లో రాశారు కదండీ, పిల్లాడి మంచికే కదా అని తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడుతున్నామండి" అన్నారు. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు కమ్, సిట్, ఈట్. నాయనమ్మకు అదీ రాదు. అంటే ఆ ఇంట్లో వాడికి కొన్ని నెలలుగా కథ చెప్పినవాళ్ళు లేరు, వాడు చెబితే విన్నవాళ్ళూ లేరు. ఆవిణ్ణి ఏమీ అనలేకపోయాను. నా కోపమంతా దీన్ని కూర్చుని టైపు చేసినవాళ్ళ మీద. మీకు ఏం తెలుసని రాశారు? ఏ క్లాసులో చూశారు?

తెలుగు నాలుకను మొద్దుబారుస్తుందా? ఫ్రెంచ్‌లో ముక్కుతో పలికే అచ్చులు ఉంటాయి. మన పిల్లలు 'అన్నం', 'పుస్తకం' అని ఇంట్లో అన్నట్టే అంటే చివర్లో పెదవులు పూర్తిగా మూసుకోవు, శబ్దం ముక్కులోకి జారుతుంది. నేను ముందు 'అన్నం' అనిపిస్తాను, ఆ చివరను పట్టుకుని 'బోఁ' అనిపిస్తాను, అక్కడి నుంచి 'బోఁజూర్'. అదే ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి చదివిన పిల్లలు 'బాన్‌జర్' అంటున్నారు. స్నేహితుడికి ఒక మాట, టీచర్‌కి ఒక మాట వాడాలని, పది మంది ఉన్నా ఆ గౌరవ మాటే వాడాలని చెప్పడానికి నాకు నిమిషం పట్టలేదు. నువ్వు, మీరు ఎరిగిన పిల్లలకు అందులో వింతేముంది? ఇంగ్లీషులో వివరించి ఉంటే పీరియడ్ అయిపోయేది. బల్ల ఆడది, పుస్తకం మగది అన్నప్పుడు తెలుగు సాయపడదు, నిజమే. దానికి ఎర్ర అట్టలు, నీలం అట్టలు పెట్టుకుని తిప్పలు పడుతున్నాం. అలా అని తెలుగు అడ్డమూ రాలేదు.

వీళ్ళు కలలు కనే కెనడా సంగతే చూడండి. 1965లో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకు బడిలో మొదటి తరగతుల చదువు ఫ్రెంచ్‌లో పెట్టించుకున్నారు. పిల్లలకు ఫ్రెంచ్ వచ్చింది. ఇంట్లో మాత్రం ఇంగ్లీషే మాట్లాడుకున్నారు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏళ్ళ పాటు పరీక్షించి చూస్తే ఆ పిల్లల ఇంగ్లీషు ఏమీ తగ్గలేదు. ఫ్రెంచ్ కోసం వాళ్ళు తమ భాషను గుమ్మం బయట పెట్టలేదు. మన జాతీయ విద్యావిధానం కూడా 2020లో కనీసం ఐదో తరగతి వరకు వీలైనచోట ఇంటి భాషలోనే చదువు చెప్పమంది. వారానికి రెండు పీరియడ్ల ఫ్రెంచ్ కోసం పిల్లవాడికి పొద్దస్తమానం మాటల్లేకుండా చేయమని ఎవరూ చెప్పలేదు, ఈ మెసేజ్ తప్ప.

ఆ బాబు ఇప్పుడిప్పుడే మళ్ళీ మాట్లాడుతున్నాడు. మొన్న రంగుల పాఠంలో వాడే ముందు చెయ్యెత్తాడు, పీత రంగు ఫ్రెంచ్‌లో ఏమంటారని.

అక్కా, నువ్వు దీన్ని ఇప్పటికే ఎవరికైనా పంపి ఉంటే వాళ్ళకు ఇదీ పంపు. ఇంట్లో తెలుగు మానేసినవాళ్ళు ఉంటే ఈ రాత్రి అన్నం పెట్టేటప్పుడే మొదలుపెట్టమని చెప్పు. ఫ్రెంచ్ సంగతి బడిలో మేం చూసుకుంటాం.