కొడుకు ఆడే లీగ్‌లో తండ్రే తీర్పరా?

ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమెరికా, కెనడా టీమ్‌లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్ ఐస్ హాకీ లీగ్‌లో 1998 నుంచి 2011 దాకా ఆటగాళ్లకి శిక్షలు వేసింది కోలిన్ క్యాంప్‌బెల్, ఆయన కొడుకు గ్రెగరీ ఆడేది కూడా అదే లీగ్‌లో. కొడుకు టీమ్ కేసులు వేరేవాళ్లకి అప్పగించేవారు, నిజమే, కానీ ఉద్యోగం పోయిన ఒక రిఫరీ కేసు వల్ల 2010లో బయటపడ్డ ఈమెయిళ్లలో ఏముంది? కొడుక్కి పడిన పెనాల్టీల గురించి రిఫరీల పెద్దకి ఫిర్యాదులు, పైగా మార్క్ సవార్డ్ అనే ఆటగాడు దెబ్బ తగిలినట్టు నటిస్తాడని తిట్టడం.

అదే సవార్డ్ తలకి 2010 మార్చిలో ప్రత్యర్థి ఆటగాడు మ్యాట్ కుక్ గుద్దితే మంచు మీద కదలకుండా పడిపోయాడు, స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు, కుక్‌కి ఒక్క మ్యాచ్ సస్పెన్షన్ కూడా లేదు! అప్పటి రూల్స్ ప్రకారం అది తప్పు కాదన్నారు క్యాంప్‌బెల్. కావచ్చు, కానీ ఆ మెయిల్ చదివాక ఆ మాట ఎలా నమ్మమంటారు?

తర్వాత మనుషులు మారారు. అయినా అప్పీల్ ముందు వెళ్లేది లీగ్ పెద్ద అయిన కమిషనర్ దగ్గరికే, ఆయనకి జీతమిచ్చేది టీమ్ ఓనర్లు. ఆరు మ్యాచ్‌ల సస్పెన్షన్, ఆపైన పడితేనే బయటి ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దాకా వెళ్లగలరు. మరి ఐదు పడినవాడు ఎవరికి చెప్పుకోవాలి?