పంపే పరికరానికే కాదు, అందుకునే పరికరానికీ నియమం కావాలి

ఒకే గదిలో పది పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (రేడియో తరంగాల ఒక పరిధి) మీదే పనిచేస్తున్నా గోల కాకపోవడానికి కారణం, అవి వంతు పాటించడమే. వైఫై రూటర్ ముందు తన చానెల్‌లో, అంటే ఆ బ్యాండ్‌లో తాను వాడే భాగంలో, ఎవరైనా ఉన్నారేమో వింటుంది. ఉంటే ఆగుతుంది. చానెల్ ఖాళీ అయ్యాక కూడా వెంటనే దూకదు. ఏదో ఒక అంకె తీసుకుని, ఒక్కో అంకెకు 9 మైక్రోసెకన్ల చొప్పున వెనక్కి లెక్కపెట్టుకుని, సున్నాకు వచ్చాకే పంపుతుంది. రెండు పరికరాలకు ఒకే అంకె పడి సిగ్నళ్లు ఢీకొంటే, ఈసారి ఇంకా పెద్ద పరిధిలోంచి అంకె తీసుకుంటాయి. బ్లూటూత్ అయితే అసలు ఒకచోట నిలవదు. సెకనుకు 1,600 సార్లు చానెల్ మారుస్తూ, రద్దీగా ఉన్నవాటిని వదిలేస్తుంది.

ఈ వినడం లేకపోతే ఎంత నష్టమో 1971లో హవాయిలో కంప్యూటర్లను రేడియోతో కలుపుతూ మొదలైన అలోహా నెట్‌వర్క్ చూపించింది. ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపే ఆ పద్ధతిలో చానెల్ సామర్థ్యంలో గరిష్ఠంగా 18.4 శాతమే అక్కరకొస్తుంది.

5 గిగాహెర్ట్జ్‌లో రాడార్లు వాడే చానెళ్ల దగ్గర నియమం ఇంకా గట్టిది. రూటర్ కనీసం 60 సెకన్లు విన్నాకే మొదలుపెట్టాలి. మధ్యలో రాడార్ వినిపిస్తే 10 సెకన్లలో ఖాళీ చేయాలి, అరగంట దాకా అటు తిరిగి రాకూడదు. ఆన్ చేసిన నిమిషం దాకా వైఫై పేరు కనబడకపోతే రూటర్ పాడైందనుకోకండి, అది వింటూ ఉండొచ్చు.

అయితే ఎంత విన్నా తీరని చిక్కు ఒకటుంది. రూటర్‌కు చెరోవైపున, దూరంగా ఉన్న రెండు ఫోన్లు ఒకదాన్నొకటి వినలేవు. చానెల్ ఖాళీయే అనుకుని రెండూ ఒకేసారి పంపితే మధ్యలో ఉన్న రూటర్‌కు ఏదీ అర్థం కాదు. తరంగాలు గాలిలో కలిసినంత మాత్రాన ఏమీ చెడిపోదు. అందుకునే పరికరం వాటిని విడదీయలేకపోయినప్పుడే చెడుతుంది. మన నియమాలు మాత్రం చాలావరకు పంపేవాడి చుట్టూనే తిరుగుతున్నాయి. నాకు అభ్యంతరం అక్కడే.

2022 జనవరిలో అమెరికాలో జరిగింది చూడండి. కొత్త 5జీ సేవలకు అప్పటికే 3.7 నుంచి 3.98 గిగాహెర్ట్జ్ దాకా కేటాయించారు. విమానం ఎత్తు కొలిచే ఆల్టిమీటర్లు 4.2 గిగాహెర్ట్జ్ పైన పనిచేస్తాయి. మధ్యలో 220 మెగాహెర్ట్జ్ ఖాళీ. అయినా పక్క బ్యాండ్ సిగ్నళ్లను వడకట్టే ఫిల్టర్లు కొన్ని పాత ఆల్టిమీటర్లలో సరిగా లేవన్న భయంతో విమానాశ్రయాల దగ్గర టవర్లు ఆపాల్సి వచ్చింది. తర్వాత విమానాలకు ఫిల్టర్లు బిగించారు. అంటే బలహీనమైన రిసీవర్ (సిగ్నల్ అందుకునే పరికరం), తనకు లైసెన్స్ లేని స్పెక్ట్రమ్‌ను కూడా ఎవరూ వాడకుండా అడ్డుకోగలిగింది.

పక్క బ్యాండ్ నుంచి ఎంత శక్తిని తట్టుకోవాలో ప్రతి రిసీవర్‌కూ అమ్మకానికి ముందే నిర్ణయించాలి. పాతవాటికి గడువివ్వాలి. ఫిల్టర్ ఖర్చు ఎవరిదన్న తగువు టవర్లు నిలబెట్టాక కాదు, స్పెక్ట్రమ్ వేలానికి ముందే తేల్చాలి.