చేతులెత్తని ఫొటోలు

జబ్బల కింద వేలాడే చర్మం గురించి ఎవరినడిగినా ఒకటే సలహా: డంబెల్ ఎత్తు, అదే పోతుంది. పోదండీ! వ్యాయామంతో కండ పెరుగుతుంది, కొవ్వు తగ్గుతుంది. బాగా లావుండి సన్నబడినవాళ్ల చర్మంలో బిగువునిచ్చే ఎలాస్టిన్, కొల్లాజెన్ పోగులే దెబ్బతిని ఉంటాయి. అంతగా సాగిన చర్మం కసరత్తుకి వెనక్కి రాదు. అన్ని కిలోలు తగ్గినవాళ్లకి ‘ఇంకాస్త కష్టపడాల్సింది’ అని చెప్పడానికి నోరెలా వస్తుందో!

అయితే నాకు అంతకన్నా ఒళ్లు మండేది, ఆ వేలాడే చర్మాన్ని కోసి తీసేసే ఆపరేషన్, అదే బ్రాకియోప్లాస్టీ, ప్రకటనలు చూస్తే. ‘ముందు’ ఫొటోలో మనిషి చేతులు బార్లా చాపి, దిగాలుగా ఉంటుంది. ‘తర్వాత’ ఫొటోలో చేతులు ఒంటికి ఆనించుకుని నవ్వుతుంటుంది. మరి కుట్టు ఏదీ? చేతి లోపలి వైపునో వెనక వైపునో, చంక నుంచి మోచేతి దాకా. అది కనపడకూడదనే ఆ ఫోజు.

బ్రాకియోప్లాస్టీ అంటే చర్మం ఇచ్చి మచ్చ తెచ్చుకునే బేరం. ఆ ముక్క ముందే చెబితే వీళ్ల సొమ్మేం పోతుంది? మీకు ఏది అవసరమో తెలియాలంటే చేయి పక్కకు చాపి, కింది భాగాన్ని రెండు వేళ్లతో పట్టి చూడండి. మందంగా అందితే కొవ్వు ఎక్కువ. చర్మంలో బిగువుంటే లైపోసక్షన్, అంటే గొట్టంతో కొవ్వు లాగేయడం, సరిపోవచ్చు. పలచగా ముడతలు పడుతూ వచ్చేస్తే అది చర్మమే, ఉత్త కొవ్వు లాగేస్తే ఇంకా జారుతుంది. చంక దగ్గర కాస్తే వదులైతే కోత అక్కడితో ఆగుతుంది. మరీ ఎక్కువైతే చంక దాటి ఛాతీ పక్కకూ పోతుంది. చర్మాన్ని వేడితో బిగించే రేడియోఫ్రీక్వెన్సీ మెషీన్లా? కొద్దిపాటి వదులుకి పనికొస్తాయి, అంతే.

ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు కంప్రెషన్ స్లీవ్ (చేతిని బిగించి పట్టే తొడుగు) వేసుకోవాలి. జుట్టు ముడేసుకోవాలన్నా, పై అరలో డబ్బా అందుకోవాలన్నా ఇంకొకరు కావాలి. మచ్చ కొన్ని నెలలు ఎర్రగా, గట్టిగా ఉండి, రంగు తగ్గడానికి ఏడాది పైనే పట్టొచ్చు. చంక దగ్గర కుట్లు విడవొచ్చు, లోపల నీరు చేరొచ్చు. ముంజేతికి స్పర్శనిచ్చే నరం ఒకటి ఆ దారినే పోతుంది కాబట్టి అక్కడ తిమ్మిరి మిగలొచ్చు. రొమ్ము క్యాన్సర్‌కి చంకలో లింఫ్ గ్రంథులు తీయించుకున్నవాళ్లకి చేయి వాచే ముప్పుంది, ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి.

ఇంత చెప్పి, చేయించుకోవద్దని మాత్రం అనను. చర్మం ఒరుసుకుని దద్దుర్లొచ్చి, ఎండాకాలంలోనూ పొడుగు చేతుల బట్టల్లో ఉడికిపోయేవాళ్లకి ఆ గీత ఒక లెక్కా? నేనైతే మచ్చకే ఓటేస్తాను. ‘ఈ వయసులో అందం దేనికి’ అనేవాళ్లు ఆ దద్దుర్లు ఒక్క వారం భరించి అప్పుడు మాట్లాడాలి.

కాకపోతే బరువు కొన్ని నెలలుగా నిలకడగా ఉండాలి. సిగరెట్ అలవాటుంటే ముందే మానేయాలి, లేకపోతే గాయం సరిగా మానదు. సర్జన్ దగ్గరికి వెళ్లినప్పుడు, ఆపరేషనై ఏడాది దాటినవాళ్లు చేతులు పైకెత్తి దిగిన ఫొటోలు అడగండి. అవి చూపించకుండా డిస్కౌంట్ గురించి మొదలెడితే లేచి వచ్చేయండి.