భూపాలిని భూపాలిగా విననివ్వండి

ఎప్పుడో మరుగున పడిన స్వతంత్ర సంగీతాన్ని వెతికి పట్టుకుని మళ్ళీ విడుదల చేస్తున్న చిన్న రికార్డు కంపెనీలంటే నాకు గౌరవం. అవి లేకపోతే నేను ఇష్టంగా వినేవాటిలో చాలా భాగం నా చెవిన పడేదే కాదు. నా అభ్యంతరమల్లా ఆ సంగీతాన్ని మనకు పరిచయం చేసే తీరు మీదే. ప్రతి రికార్డుకూ ముందొక వింత కథ తగిలిస్తారు. ఆ కథ మనసులో ఎంతగా నాటుకుంటుందంటే, తర్వాత సంగీతం వింటున్నా చెవి దానికి సాక్ష్యాలనే వెతుక్కుంటుంది.

చరణ్‌జిత్ సింగ్ సంగతే చూడండి. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాలలో వాయించే ఈయన 1982లో జూపిటర్-8 సింథసైజర్, టీబీ-303 బేస్ యంత్రం, టీఆర్-808 డ్రమ్ యంత్రం ముందేసుకుని, డిస్కో దరువు మీద పది హిందుస్తానీ రాగాలు వాయించారు. హెచ్‌ఎంవీ విడుదల చేసిన ఆ రికార్డును అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో బాంబే కనెక్షన్ అనే లేబుల్ దాన్ని మళ్ళీ తెచ్చింది. 1980ల నడుమ చికాగోలో అదే 303తో ఎసిడ్ హౌస్ అనే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం పుట్టింది కనుక, ఆ సంగీతానికి ఆద్యుడు ఈయనేనన్న ప్రచారం మొదలైంది. చికాగో వాళ్ళు ఈ రికార్డు విన్నారనడానికి ఆధారమేమీ లేదు. అయినా, విని ఉంటేనే దీనికి విలువ వస్తుందా?

ఆ బిరుదును పక్కన పెట్టి వింటే మాట్లాడుకోవలసినవి ఎన్నో ఉన్నాయి. భూపాలి మన మోహన, మాల్కౌంస్ మన హిందోళం కాబట్టి ఏమాత్రం సంగీతజ్ఞానం ఉన్న తెలుగువారైనా ఇట్టే పోల్చుకోగలరు. 303లో ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే సదుపాయం ఉంది. కింద అది రాగస్వరాలను చుట్టలు చుట్టలుగా తిప్పుతుంటే, పైన జూపిటర్ మీద సింగ్ గారు పరుగులు తీస్తారు. భూపాలి, మాల్కౌంస్ లాంటి ఐదు స్వరాల రాగాలకు ఈ పద్ధతి చక్కగా అమరింది. హిందుస్తానీ తోడి రాగం దగ్గరికి వచ్చేసరికి, మామూలు కోమల గాంధారం (కింది స్థాయి ‘గ’ స్వరం) కన్నా ఇంకా కిందికి దిగి పలకవలసిన ఆ గాంధారం కీబోర్డు మెట్టు మీదే ఆగిపోయి, నా మటుకు నాకు పేలవంగా వినిపిస్తుంది. పది రాగాలకూ ఇంచుమించు ఒకే దరువు కావడం మరో లోపం. ఆద్యుడంటూ పూలదండ వేసి కూర్చోబెట్టాక ఇలాంటి మెచ్చుకోళ్ళకూ తప్పొప్పులకూ చోటే ఉండదు.

ఇథియోపియా కళాకారుడు హైలు మెర్గియాకూ ఇదే జరిగింది. అకార్డియన్‌తో, సింథసైజర్‌తో 1985లో ఆయన చేసిన క్యాసెట్ 2013లో మళ్ళీ విడుదలయ్యే నాటికి ఆయన వాషింగ్టన్‌లో టాక్సీ నడుపుతున్నారు. ప్రయాణికుల కోసం ఎదురుచూసే వేళల్లో డిక్కీలోని కీబోర్డు తీసి సాధన చేసేవారట. ఆ ముచ్చట నాకూ నచ్చుతుంది, కాదనను. కానీ 2018లో ఆయన 'లాలా బెలు' అనే కొత్త ఆల్బమ్ తెచ్చినప్పుడు కూడా టాక్సీ ఊసు లేని పరిచయం నాకైతే ఎక్కడా కనబడలేదు.

చెప్పుకోవడానికి ఇలాంటి కథేదీ లేని నేటి కుర్రకారు మాటేమిటి? సొంత గదిలో పాట కట్టి రికార్డు చేసినవారికి తగిలించడానికి వింత ఏముంటుంది? పైగా 2024 నుంచి స్పాటిఫైలో, గడచిన 12 నెలల్లో కనీసం 1000 సార్లు వినబడని ట్రాక్‌కు రికార్డింగ్ రాయల్టీ లెక్కే కట్టడం లేదు. కళాకారులూ లేబుళ్ళూ తమ సంగీతాన్ని నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో డిజిటల్ ఆల్బమ్ కొంటే కంపెనీ వాటా సాధారణంగా 15 శాతం. చెల్లింపు రుసుములు పోగా మిగిలింది కళాకారుడికో లేబుల్‌కో వెళుతుంది. కొత్తదైనా పాతదైనా నేను అక్కడే కొంటున్నాను. కొనేముందు రెండు ట్రాకులు పూర్తిగా వింటాను; పరిచయ వ్యాసం జోలికి ఆ తర్వాతే వెళతాను.