శివారు చేను సంగతి శివారు రైతే చెప్పాలి

కిందటి వేసవిలో ఒక డిగ్రీ అమ్మాయి మా కాలేజీ లైబ్రరీకి వచ్చింది. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మీద ప్రాజెక్టు రాస్తోంది. వాళ్ల అమ్మమ్మగారిది గోదావరి మధ్యనున్న లంక ఊరు. ఇంట్లో ఆ కథలు వింటూ పెరిగిన పిల్ల. మా డిజిటల్ లైబ్రరీ తెరిచి, వెతికే చోట ‘వరద’ అని కొట్టింది. ఒక్కటీ రాలేదు. “ఏమీ లేవు సార్” అంటూ బ్యాగు సర్దుకుంటోంది.

ఉన్నాయని నాకు తెలుసు. ఆ ఏటి కాలేజీ మ్యాగజైన్, లంక రైతుల కరపత్రాలు, సావనీర్లు అన్నీ నేనే దుమ్ము దులిపి స్కాన్ చేయించి ఎక్కించాను. పక్కన కూర్చుని ‘వరద’ చివర నక్షత్రం గుర్తు పెట్టి మళ్లీ కొట్టాను. ఏడు వచ్చాయి. వాటి పేర్లలో ఉన్న మాటలు వరదలు, వరదల్లో, వరదకు, వరదనాటి. ఒట్టి ‘వరద’ ఒక్కదాంట్లోనూ లేదు.

ఆ అమ్మాయికి ఏడు కాగితాలూ దొరికాయి, సంతోషం. మరి నేను సెలవులో ఉన్న రోజు వచ్చినవాళ్ల సంగతేమిటి? నక్షత్రం గుర్తు కిటుకు వాళ్లకెవరు చెబుతారు?

మేం వాడేది డీస్పేస్. 2002లో అమెరికాలోని ఎంఐటీ లైబ్రరీలు, హెచ్‌పీ ల్యాబ్స్ కలిసి తయారుచేసి అందరికీ ఉచితంగా వదిలిన సాఫ్ట్‌వేర్. మన దేశంలో పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలన్నీ చేరే శోధ్‌గంగ నడిచేదీ దీని మీదే. అందులో ఇంగ్లీషుకు మొదటినుంచీ ఒక ఏర్పాటు ఉంది. ‘ఫ్లడ్’ అని వెతికితే ‘ఫ్లడ్స్’ కూడా తెచ్చిపెడుతుంది. తెలుగులో విభక్తులు మాటకు అతుక్కుపోతాయి. గోదావరి, గోదావరిలో, గోదావరికి, గోదావరినుంచి అనేవి మనకు ఒకే మాట. ఆ యంత్రానికి నాలుగు వేరువేరు మాటలు. ఇక గోదారి అని రాసినవాళ్లు, రాజమండ్రి అన్నవాళ్లు, రాజమహేంద్రవరం అన్నవాళ్లు, వీళ్లందరినీ కలపాలంటే అదింకో పని.

ఇది ఎవరో పనిగట్టుకుని చేసిన అన్యాయం కాదు. బోస్టన్ పక్కన ఎంఐటీలో కూర్చుని రాసినవాళ్లకు ఈ ఇబ్బంది కనపడే దారే లేదు. పాత డీస్పేస్‌లో రచయిత పేరు నింపడానికి రెండు గళ్లుండేవి. ఇంటిపేరు గడి పక్కన ఉదాహరణగా ‘స్మిత్’, రెండో గడి పక్కన ‘డొనాల్డ్ జూనియర్’. కందుకూరి వీరేశలింగం పంతులు గారిని ఆ గళ్లలో ఎక్కించడానికి మా అసిస్టెంట్ పడ్డ అవస్థ నేను చూశాను. ‘పంతులు’ ఏ గడిలోకి వెళ్తుంది? ఒక్కో ఉద్యోగి ఒక్కో రకంగా నింపాడు. దాంతో ఒకే మనిషి ముగ్గురు రచయితలయ్యాడు.

డెల్టా రైతుకు ఈ సంగతి అరటిపండు ఒలిచినట్టు చెప్పొచ్చు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. పెద్ద కాలువలు సర్కారు తవ్వించింది. చేలోకి నీళ్లు తెచ్చే బోదెల్లో తూడు తీసుకోవాల్సింది, గట్లు వేసుకోవాల్సింది మాత్రం ఆయకట్టు రైతులే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తలా ఓ చెయ్యి వేయకపోతే సార్వా పంటకు నీళ్లు ఎక్కవు. అన్నిటికంటే ముఖ్యం, కాలువ చివరనున్న శివారు చేనుకు నీళ్లు అందలేదన్న సంగతి కాలువ తలాపున ఉన్నవాడికి తెలియదు. అతని చేను నిండే ఉంటుంది. శివారు రైతు లాకుల దాకా వెళ్లి చెప్పుకోవాలి, చెబితేనే తూము ఎత్తుతారు. సాఫ్ట్‌వేర్ విషయంలో తెలుగు లైబ్రరీలు శివారు ఆయకట్టు. మనం ఇన్నేళ్లూ లాకుల దాకా వెళ్లలేదు.

వెళ్లే దారి తెరిచే ఉంది. డీస్పేస్‌కు ఇప్పుడు లైరాసిస్ అనే లాభాపేక్ష లేని సంస్థ అండగా ఉంది కానీ, కోడ్‌లో చాలా భాగం రాసేది, సరిచూసేది ప్రపంచం నలుమూలలా ఉన్న యూనివర్సిటీల, లైబ్రరీల సిబ్బంది, వాళ్లతో పనిచేసే చిన్న కంపెనీలు. లోపం కనపడితే ఎవరైనా రాసి పెట్టొచ్చు. దిద్దుబాటు పంపొచ్చు. దాన్ని ఇంకొకరు చదివి, నడిపి చూసి, బాగుందంటేనే అసలు కోడ్‌లో కలుపుతారు. కొత్త వెర్షన్ వచ్చే ముందు అందరూ కలిసి పరీక్షలు జరుపుతారు. అందులో పాల్గొనడానికి కోడ్ రానక్కర్లేదు, రోజూ పుస్తకాలు ఎక్కించే అలవాటుంటే చాలు. 2021 ఆగస్టులో ఏడో వెర్షన్ వచ్చినప్పుడు తెర మీద కనపడేదంతా కొత్తగా కట్టారు. ఆ తెర మీది మాటలు భాషకో ఫైలు చొప్పున విడిగా ఉంటాయి. తెలుగు చేయాలంటే ఆ ఫైల్లో వేల వరుసలు. కావాల్సింది ఓపిక, భాష, కాస్త వాదులాడుకునే తీరిక. ‘ఐటెమ్’ని పుస్తకం అందామంటే కరపత్రం ఒప్పుకోదు, అంశం అందామంటే చదివేవాడికి అర్థం కాదు. నా ఓటు ‘ప్రతి’కి.

మరి ఇన్నాళ్లూ మనం చేసిందేమిటి? మా అనుభవమే చెబుతాను. మొదట్లో సాఫ్ట్‌వేర్ అమర్చడానికి ఒక సంస్థకు పని అప్పజెప్పాం. వాళ్లు తెలుగు వెతుకులాటకు ఏదో సర్దుబాటు చేశారు, బాగానే పనిచేసింది. ఆ మార్పు వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. మేమూ అడగలేదు, అడగాలని తెలియదు. నాలుగేళ్లకు వెర్షన్ మార్చాల్సి వస్తే పాత సర్దుబాటు కొత్తదానికి అతకలేదు. చేసిన కుర్రాడు ఉద్యోగం మారిపోయాడు. మొత్తం పోయింది. మళ్లీ అదే పనికి కొత్త కొటేషన్. అదే దిద్దుబాటు ఆరోజే అసలు కోడ్‌లో కలిసి ఉంటే ప్రతి వెర్షన్‌తోనూ దానంతటదే వచ్చేది, మాకే కాదు, ప్రతి తెలుగు లైబ్రరీకీ. ఈ బాధ మా ఒక్కరిదే అనుకోను. ‘ఉచితం’ అంటే డబ్బు కట్టక్కర్లేదన్నంత వరకే మన ఆఫీసులు అర్థం చేసుకున్నాయి. టెండర్ కాగితంలో ‘చేసిన మార్పులు అసలు ప్రాజెక్టుకు పంపాలి’ అని ఒక్క వాక్యం రాయించడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు.

చిన్న ఊరి లైబ్రరీల వల్ల ఏమవుతుందనే వాళ్లకు కోహా సంగతి చెప్పాలి. పుస్తకాల ఇచ్చిపుచ్చుకోళ్ల లెక్కకు ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న ఈ సాఫ్ట్‌వేర్ పుట్టింది న్యూజిలాండ్‌లో హోరోవెనువా అనే పల్లెటూళ్ల ప్రాంతంలో. 1999లో అక్కడి లైబ్రరీ ట్రస్టు పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరాన్ని తట్టుకోదని భయపడి, కొత్తది సొంతంగా రాయించుకుని, అందరికీ వదిలేసింది. మావోరీ భాషలో కోహా అంటే కానుక.

మనకూ ఆ గుణం లేకపోలేదు. మన గోదావరి సీమలోని కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారు 1914లోనే బెజవాడలో గ్రంథాలయాల సభ పెట్టి ఊళ్లన్నిటినీ ఒక్కతాటి మీదికి తెచ్చారు. 1935లో కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంబడి ఊరూరికీ పంపారు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం మూలాలు 1898లో నాళం కృష్ణారావు గారి పూనికలో ఉన్నాయి. అప్పుడు ఏ ఆఫీసూ ఆర్డరు ఇవ్వలేదు. ఇప్పుడు ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అందులో కొంత పక్కన పెట్టి, ఉభయ గోదావరి జిల్లాల లైబ్రరీలన్నిటికీ కలిపి ఇద్దరు ప్రోగ్రామర్లను పెట్టుకోలేమా? ఖాళీ పోస్టులతో, పార్ట్‌టైమ్ జీతాలతో నెట్టుకొస్తున్న శాఖా గ్రంథాలయంలో ఒంటరి లైబ్రేరియన్ మీద ఈ బరువు వేయడం ధర్మం కాదు.

స్కాన్ చేసి పడేస్తే సరిపోతుందన్న భ్రమ ఒకటుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకాలు కుప్పలుగా స్కాన్ అయ్యాయి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, తోచిన స్పెల్లింగుల్లో పడ్డాయి. పుస్తకం ఉన్నా దొరికేది కాదు. తెలుగు వికీపీడియాలో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కూర్చుని తెలుగు అక్షరాల్లో జాబితాలు తయారుచేశారు. తర్వాత ఆ సైటు మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చిన కాపీలే ఇప్పుడు మనకు దిక్కు.

సగం పని అయిపోయే ఉందన్న సంగతి నాకు ఈ మధ్యే తెలిసింది. డీస్పేస్ వెతుకులాటకు అడుగున పనిచేసే లూసీన్‌లో తెలుగు మాటల చివర్లు విడదీసే భాగం ఉంది. ఎవరో మహానుభావులు రాసి ఇచ్చారు. అయితే అది డీస్పేస్‌లోకి దానంతటది రాదు, అమరికల్లో పెట్టుకోవాలి. పెట్టాక మన మాటల మీద ఎంత బాగా పనిచేస్తోందో చూడాలి. అది చూడగలిగింది మనమే.

ఇద్దరు బీఎస్సీ కంప్యూటర్స్ పిల్లలు విడిగా ఒక పాత కంప్యూటర్లో దాన్ని అమర్చారు. పరీక్షకు మాటల పట్టిక కావాలన్నారు. ఆ ప్రాజెక్టు అమ్మాయే నోటుబుక్కు తీసి రాయడం మొదలుపెట్టింది. వరద, వరదలు, వరదల్లో, వరదనాటి, వరదొచ్చినప్పుడు. లంక, లంకలు, లంకల్లోకి. ఏటిగట్టు, ఏటిగట్ల మీద, గట్టుతెగి. ఈ చివరిది ఒక మాటా రెండు మాటలా అని ముగ్గురూ నన్ను అడిగారు.