తుని మీదుగా పోయే టైము

మా ఇంట్లో గోడల మీదవీ, బల్లల మీదవీ, బీరువాలోవీ కలిపి గడియారాలూ వాచీలూ పదకొండు. జనాభా లెక్కలకి వచ్చిన టీచరమ్మ టీవీ ఉందా, స్కూటరుందా అని అడిగి రాసుకుంది గానీ వీటి జోలికి పోలేదు. అడిగి ఉంటే ప్రభుత్వానికి ఒక ముఖ్యమైన సంగతి తెలిసేది. ఈ పదకొండింటిలో ఏ ఒక్కటీ టైము చూసుకోవడానికి పెట్టింది కాదు.

హాల్లో ఉన్నది గృహప్రవేశానికి వచ్చింది. గృహప్రవేశానికి గడియారాలొస్తాయని ఎవరికైనా తెలుసు, ఎన్నన్నదే తెలీదు. మాకు ఏడొచ్చాయి. నాలుగింటిని ఆ తర్వాత జరిగిన నాలుగు గృహప్రవేశాలకు సాగనంపాం. వాటిలో ఒకటి మూడేళ్ళకి మా తమ్ముడింటి గృహప్రవేశంలో మళ్ళీ కనబడింది. చుట్టిన రంగు కాగితం కూడా మాదే. ఇంట్లో ఉండిపోయిన మూడింటిలోకి పెద్దది హాలుకి దక్కింది. పన్నెండు అంకె కింద వెంకటేశ్వరస్వామి, ఆరు అంకె పైన "ఆఫీసు మిత్రుల శుభాకాంక్షలతో" అన్న అక్షరాలు. గంటకోసారి పెద్ద ముల్లు వచ్చి స్వామివారి నామాలకి అడ్డం నిలబడుతుంది. ఆ రెండు నిమిషాలూ మా అమ్మ చేతులు జోడించుకునే ఉంటుంది గానీ దణ్ణం పెట్టదు. ముల్లు తప్పుకోవాలి.

మొదట్లో అది సోఫాకి ఎదురుగా దక్షిణపు గోడకి ఉండేది. భోజనానికొచ్చిన బంధువొకాయన చెయ్యి కడుక్కుంటూ అటు చూసి, "దక్షిణం యముడిది కదయ్యా, అక్కడ కాలాన్ని వేలాడదీశావేంటి?" అన్నాడు. పెరుగన్నం దాకా కూడా ఆగలేదు మా అమ్మ. గడియారాన్ని ఉత్తరానికి, అంటే సోఫా వెనక గోడకి మార్పించింది. అప్పట్నుంచీ సోఫాలో కూర్చున్నవాళ్ళకి అది కనబడదు. ఎదురుగా ఎవరు నిలబడితే వాళ్ళని అడగాలి. మా ఇంట్లో నిలబడి ఉండేది మా ఆవిడ ఒక్కతే.

ఈ గడియారం ప్రస్తుతం పన్నెండు నిమిషాలు ముందు నడుస్తోంది. పాడైపోయి కాదు, ఏకగ్రీవ తీర్మానం మీద నడుస్తోంది. ఇంటి కొత్తలో ఐదు నిమిషాలే ముందుండేది. ఐదు ముందుంటే ఐదు నిమిషాల ముందే బయల్దేరతామని అప్పటి ఆలోచన. నెల తిరక్కుండానే ఇంటిల్లిపాదీ మనసులో ఐదు తీసేసుకోవడం నేర్చారు. తీసేసుకున్న ఐదూ జేబులో ఉన్నట్టే అనిపించి, ఇంకో ఐదు ఖర్చుపెట్టారు. ఎనిమిదికి పెంచాం. ఎనిమిదీ కరిగిపోయింది. కరువు భత్యం పెరిగిన నెలలోనే కందిపప్పు కూడా పెరిగినట్టు, మేం ఎంత పెంచితే ఇంట్లోవాళ్ళు అంతా మింగారు. ఇప్పుడు పన్నెండు. ఇలాగే పోతే మా మనవల నాటికి మా హాల్లో ఎప్పుడూ రేపే ఉంటుంది.

వంటింటిది ఏడు నిమిషాలు ముందు. పడగ్గదిలో టైంపీసు ఇరవై. అంటే వంటింట్లోంచి కాఫీ కప్పుతో హాల్లోకి రావడానికి ఐదు నిమిషాలు పడుతుంది, దూరం ఆరడుగులే అయినా. కప్పు తిరిగి ఇచ్చేయడానికి వెళ్తే ఆ ఐదు నిమిషాలూ వెనక్కి వచ్చేస్తాయి. వంటింట్లో అసలు గడియారం ఎందుకని నేనొకసారి అడిగాను. అక్కడ కాలాన్ని కొలిచేది కుక్కరు కదా, పప్పుకి నాలుగు విజిల్సు, అన్నానికి మూడు. "పనమ్మాయి ఆలస్యంగా వచ్చిందని చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదండీ" అంది మా ఆవిడ. ఏడు నిమిషాలు ముందున్న గడియారం కింద ఏ పనమ్మాయి మాత్రం వేళకి రాగలదు?

దేశం సంగతి కూడా కొంచెం చూద్దాం. భారత ప్రామాణిక కాలమనేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన నడుస్తుంది. బళ్ళో మనకి మీర్జాపూర్ అని చెప్పి వదిలేశారు. ఆ గీత అక్కడితో ఆగిపోదు. కిందికి దిగి దిగి మన తుని పక్కగా వచ్చి సముద్రంలో పడుతుంది. కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఎవరు చేతి వాచీ సరిచేసుకున్నా తుని మీద నెత్తిన పొద్దు చూసుకుని సరిచేసుకున్నట్టే. ఇంత గౌరవం దక్కిన ఊరి పేరు చెబితే మనకి గుర్తొచ్చేది మాత్రం తమలపాకులు, మామిడిపళ్ళు. అంతకుముందు మద్రాసుకో టైము, బొంబాయికో టైము, కలకత్తాకో టైము. రైళ్ళేమో చాలాకాలం మద్రాసు టైము మీద నడిచాయి. 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకటే టైమన్నారు దొరలు. కలకత్తా విన్నట్టే విని 1948 దాకా తన టైము తాను పెట్టుకుంది. బొంబాయి 1955 దాకా లొంగలేదు. అంత సామ్రాజ్యానికీ చేతకాని పనిని ఒక ఆదివారం మధ్యాహ్నం మా మూడు గదుల్లో పూర్తిచేద్దామనుకోవడం నా తప్పే.

స్టూలేసుకుని ఎక్కాను. కొత్త సెల్లులేశాను. సెల్‌ఫోను చూస్తూ సెకన్లతో సహా అన్నింటినీ ఒక్కతాటి మీదికి తెచ్చాను. ఈ చవక గడియారం లోపల కూడా చిన్న క్వార్ట్‌జ్ ముక్క సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. అంత కష్టపడేదాన్ని మనం బలవంతాన అబద్ధమాడిస్తున్నామన్న బాధ కూడా నాకుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ప్రకటన చేశాను. "ఇవాళ్టి నుంచి మన గడియారాలన్నీ కరెక్టు టైము చూపిస్తాయి. ఎవరూ ఏమీ తీసెయ్యొద్దు." అందరూ తలూపారు. మా అమ్మ మాత్రం పప్పు వడ్డిస్తూ, "ఎందుకురా అంత అవసరం?" అంది.

సోమవారం పొద్దున్న 7.40కి స్కూలు బస్సు. మావాడు హాల్లో 7.40 చూశాడు, పన్నెండు తీసేశాడు, రెండో దోసె వెయ్యమన్నాడు. పెరటివైపు నుంచి వస్తున్న మా ఆవిడ వంటింటి గడియారం చూసి, ఏడు తీసేసి, దోసె వేసింది. చెయ్యి దానంతటదే నోటికి పోయినట్టు, కన్ను గడియారం మీద పడగానే మా ఇంట్లోవాళ్ళ మనసు తీసివేత లెక్క చేసేస్తుంది. బస్సు హారన్ కొట్టింది. ఎవరూ నమ్మలేదు. బస్సు వెళ్ళిపోయింది.

మా ఆవిడ తీర్పు అట్లకాడ చేతిలో ఉండగానే వచ్చింది. "ఇన్నాళ్ళూ ఎంత తప్పో తెలిసిన గడియారం ఉండేది. ఇప్పుడు ఒప్పో తప్పో తెలీని గడియారం తెచ్చి పెట్టారు."

కోర్టుల్లో కూడా ఇంత చక్కటి తీర్పు నేను చదవలేదు. ఆలోచించిన కొద్దీ ఇది మా ఒక్క ఇంటి జబ్బు కాదనిపించింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో కుక్ అండ్ కెల్వీ వాళ్ళ గంటల గడియారం ఉంది కదా. ప్రతి గంటకీ మూడు నిమిషాల ముందు లోపల్నుంచి గడ్డం బొమ్మ ఒకటి బయటికొచ్చి, వేళవగానే టంగుటంగుమని కొట్టి వెళ్తుంది. జనం ముందే చేరి, పిల్లల్ని భుజాలకెత్తుకుని, ఊపిరి బిగబట్టి చూస్తారు. పన్నెండు గంటలూ కొట్టడం పూర్తవగానే, నేను కళ్ళారా చూశాను, ఫోన్లు తీసి టైమెంతయిందో చూసుకుంటారు. చార్మినారుకి నాలుగు వైపులా 1889లో గడియారాలు పెట్టారు. వాటి కింద నిలబడి గాజుల బేరం ఎంతసేపు చేశామని ఎవరైనా తలెత్తి చూశారా?

మనకి టైము పట్టింపు లేదని గిట్టనివాళ్ళు అంటారు గానీ, అది వట్టి నింద. మన పంచాంగం కాలాన్ని విఘడియల్లో కొలుస్తుంది. విఘడియంటే 24 సెకన్లు. అవి అరవైయైతే ఘడియ, ఘడియలు అరవైయైతే రోజు. పెళ్ళి ముహూర్తం తెల్లవారుజామున 3 గంటల 18 నిమిషాలకని శుభలేఖలో అచ్చేస్తాం, మూడుంబావుకి అని ఎవరూ వెయ్యరు. తీరా ఆ క్షణం వచ్చేసరికి పంతులుగారి ఫోన్లో ఒకటి, మేనమామ వాచీలో ఒకటి, వీడియో ఆయన కెమెరాలో ఒకటి. పెళ్ళికూతురింకా గదిలోనే. చివరికి జీలకర్ర బెల్లం పెట్టించేది వీడియో ఆయనే, "సార్, లైటింగు రెడీ" అని.

మావాడు పుట్టినప్పుడు లేబర్ రూము గడియారంలో 9.40 అని నర్సు రాసింది. బయట నా వాచీలో 9.55. లగ్నంలో తొమ్మిదో వంతైన నవాంశ పదమూడు నిమిషాల చిల్లర కాబట్టి పదిహేను నిమిషాల తేడాకి జాతకం తిరగబడుతుందని, రెండు టైములకీ రెండు రాయించాం. ఒకదాంట్లో వాడు డాక్టరు, రెండోదాంట్లో విదేశీయానం. మార్కులొచ్చిన నెలలో మొదటిది బయటికి తీస్తాం. రాని నెలల్లో రెండోదాంతో సరిపెట్టుకుంటాం. హాలు గడియారాన్ని పన్నెండు దగ్గర ఆపి పదమూడు దాటనివ్వకపోవడానికి కారణం కూడా ఇదే. ఈ ఇంట్లో మళ్ళీ ఎవరైనా పుడితే నవాంశ మారిపోకూడదు.

మేడ మీది మాస్టారింట్లో హాల్లో రెండు గడియారాలు పక్కపక్కన. ఒకటి మనది, ఒకటి డల్లాస్ కొడుకుది. ఏటా మార్చిలో రెండో ఆదివారం, నవంబరులో మొదటి ఆదివారం డెబ్బై రెండేళ్ళ ఆ పెద్దాయన స్టూలెక్కి డల్లాసు ముల్లు ఒక గంట తిప్పుతాడు, అక్కడ పొద్దు కలిసొస్తుందని. ఆయన భార్య స్టూలు పట్టుకుంటుంది. మన గడియారంలో సెల్లు అయిపోయి ఎన్నాళ్ళయిందో మాత్రం ఇద్దరూ చెప్పలేరు. డల్లాసులో పదిన్నర దాటితే కొడుకు పడుకుంటాడు, అంతవరకే వాళ్ళకి కావాలి.

వాచీల సంగతి త్వరగా కానిస్తాను. మా ఆవిడకి బంగారు రంగు వాచీ ఒకటుంది. పెళ్ళిళ్ళకి పెట్టుకుంటుంది. సెల్లు కారి పాడవుతుందని తీయించి దాచింది కాబట్టి అది ఏ పెళ్ళికైనా నాలుగుంబావుకే వస్తుంది. నాకు మేనల్లుడిచ్చిన స్మార్ట్ వాచీ ఉంది. రోజుకి పదివేల అడుగులంటుంది. ఆ పదివేలు 1965లో జపానువాళ్ళు అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్ముకోవడానికి దానికి పెట్టిన పేరులోని అంకె. మొన్న సత్యనారాయణ వ్రతంలో మూడో కథ మధ్యలో చెయ్యి వణికించి, లేచి నిలబడమంది. లేచాను. పంతులుగారు కథ ఆపి, "ఏమైనా సందేహమా నాయనా?" అన్నారు.

టైముతో నిజాయితీగా ఉన్న మనిషి మా ఇంట్లో మా నాన్న ఒక్కడే. ఆయనది హెచ్ఎంటీ జనతా. పెళ్ళిలో అలిగి సాధించుకున్నాడట. పుట్టిల్లు ఎన్ని బస్తాల ధాన్యం అమ్మి అది కొన్నదో మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది, ప్రతిసారీ ఒక బస్తా పెరుగుతుంది. పొద్దున్నే రేడియోలో వార్తలు మొదలవగానే వాచీని చెవి దగ్గర పెట్టుకుని, ముల్లు సరిచేసుకుని, కీ ఇచ్చేవాడు. కీ బిగుసుకునేదాకా తిప్పకూడదు, బిగుసుకోబోతుండగా ఆపాలి. ఆ విద్య నాకు పెళ్ళయ్యేదాకా అప్పగించలేదు. 1961లో బెంగుళూరులో జపాను సిటిజన్ వాళ్ళ సాయంతో మొదలైన ఆ వాచీల ఫ్యాక్టరీని మూసేద్దామని 2016లో కేంద్రం తీర్మానించింది. వాచీ ఇంకా నడుస్తోంది. రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతుంది, అంతే. మా ఇంట్లో వెనక నడిచేది అదొక్కటే. తక్కినవాటితో కలిపి సగటు తీస్తే అసలు టైముకి కాస్త దగ్గరికి లాగుతుంది.

మంగళవారం పొద్దున్నే స్టూలెక్కి అన్నింటినీ పాత అబద్ధాలకి తిప్పేశాను. పన్నెండు, ఏడు, ఇరవై. అయితే ఒకసారి పోయిన పరువు అంత తేలిగ్గా రాదు. మావాడు ముల్లు వంక అనుమానంగా చూసి, "నాన్నా, ఇది ఇవాళ తీసెయ్యాలా, వద్దా?" అన్నాడు. మా ఆవిడ జవాబు చెప్పకుండా చెప్పులేసుకుని బస్సు ఆగే చోటికి నడిచింది. ఫోను చూసుకోవచ్చు కదా అంటారేమో. నా ఫోను ఆ వేళకి మావాడి దగ్గర ఉంటుంది, అందులో టైము తప్ప మిగతావన్నీ చూస్తుంటాడు.

ల్యాండ్‌లైను తీసి తునిలో మా మేనత్తకి చేశాను. ఎనభై ఏళ్ళుగా ఆ గీత పక్కనే కాపురం. దేశానికంతటికీ టైము బయల్దేరే గట్టు మీద ఉన్న మనిషి కదా.

"అత్తయ్యా, అక్కడ టైమెంతయింది?"

"ఏ గడియారంలోరా?" అంది.